మందు వేసినా గోమార్లు పోవట్లేదు. ఇవి పనిచేస్తాయని అసలు ఎలా తేలుస్తారు?

మియాపూర్_మల్లిక్
మూడు నెలలుగా నెలకోసారి మా కుక్క బ్రూనో మెడ వెనక గోమార్ల (టిక్స్) మందు పోస్తున్నాను. ఫిప్రోనిల్ అనే పురుగుమందు ఉన్నదే, పేరున్న కంపెనీదే. అయినా గోమార్లు పోవట్లేదు. నిన్న రాత్రి భోంచేస్తుంటే డైనింగ్ టేబుల్ కాలు మీద ఒకటి నింపాదిగా ఎక్కుతోంది, ఇంటి అద్దె తనే కడుతున్నట్టు. వాడి చెవిలో, కాలివేళ్ల సందుల్లో చేయి పెడితే చాలు, పెసరగింజల్లా తగులుతున్నాయి. పెట్టె మీద మాత్రం నెల రోజుల రక్షణ అని ఉంది. షాపులో అడిగితే "ఇది అంతే సార్, వేరేది తీసుకోండి" అన్నాడు. నా ప్రశ్న ఒక్కటే. ఈ మందు పనిచేస్తుందని ముందుగా ఎవరు, ఎలా తేల్చారు? ఎన్ని కుక్కల మీద చూశారు? లేక టూత్‌పేస్ట్ ప్రకటనలో తెల్లకోటు వేసుకున్నాయన చెప్పినట్టేనా?

అనంతపురం_అక్క
మా వైపు పిడుదులు అంటాం. పేరేదైనా రక్తం తాగడంలో తేడా లేదు. మా ఇంట్లోనూ ఇదే గోల.

ఇండీ_రేణుక
ఆ కెమికల్స్ మానేసి వేప నూనె రాయండి. మా చింటూకి వారంలో మొత్తం పోయాయి.

కాకినాడ_కిట్టు
వేప నూనె రాస్తే మా వాడి దగ్గరికి గోమార్లే కాదు, మేమూ వెళ్లలేకపోయాం.

లెక్కల_సుబ్బారావు
రేణుక గారూ, ఆ వారం వేప నూనె ఒక్కటే రాశారా, ఇంకేమైనా చేశారా?

ఇండీ_రేణుక
స్నానం చేయించి, కూర్చుని చేత్తో ఏరేసి, ఆ తర్వాత రాశాను. వాడి పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికాను.

లెక్కల_సుబ్బారావు
నాలుగు పనులు చేసి పేరంతా వేప నూనెకి ఇచ్చేశారు. నాకైతే ఏరివేత మీదే అనుమానం. ఇంకోటి, గోమార్లు విపరీతంగా పెరిగాకే మనం మందు కోసం పరిగెడతాం. అక్కణ్నుంచి ఏం చేయకపోయినా కొన్ని తగ్గుతాయి. కడుపు నిండిన ఆడ గోమారి గుడ్లు పెట్టడానికి ఎలాగూ కిందికి రాలిపోతుంది. అదే మందు వల్ల అనిపిస్తుంది. మందు వేయని కుక్కని పక్కన పెట్టుకుని చూస్తే తప్ప తేడా తెలియదు.

ఇండీ_రేణుక
మీ ఇంట్లో పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఇలాగే తేలుస్తారా?

లెక్కల_సుబ్బారావు
మా ఆవిడ ముందు నేను లెక్కలు మాట్లాడను.

పశువుల_డాక్టర్
మల్లిక్ గారు అడిగింది మంచి ప్రశ్న. సాధారణంగా ఎవరూ అడగరు, మందు మార్చమంటారు అంతే. కాస్త పెద్ద జవాబు, ఓపిక పట్టండి.

గోమార్ల మందుని ముందు ల్యాబులో చూస్తారు. కుక్కల్ని రెండు జట్లు చేస్తారు, ఒక్కో జట్టులో కనీసం ఆరు. ఏ కుక్క ఏ జట్టులోకి వెళ్లాలో ఇష్టం వచ్చినట్టు పెట్టరు. కొన్ని కుక్కలకి సహజంగానే గోమార్లు ఎక్కువ పడతాయి, కొన్నిటికి తక్కువ. అందుకని ముందే ఒకసారి గోమార్లు వదిలి, ఎన్ని పట్టాయో లెక్కపెట్టి, దాన్ని బట్టి రెండు జట్లకీ సమానంగా వచ్చేలా చీటీలు వేసినట్టు పంచుతారు. ఒక జట్టుకి మందు, రెండో దానికి ఏమీ లేదు. ఆ తర్వాత ఒక్కో కుక్క మీద ల్యాబులో పెంచిన ఆకలిగొన్న గోమార్లు 50 వదులుతారు, సగం మగ, సగం ఆడ. 48 గంటలకి ఒళ్లంతా వేళ్లతో తడిమి, దువ్వెనతో దువ్వి, బతికినవి ఎన్ని, చచ్చినవి ఎన్ని, అతుక్కున్నవి ఎన్ని అని విడివిడిగా రాస్తారు. లెక్కపెట్టే మనిషికి ఏ కుక్క ఏ జట్టుదో చెప్పరు. తెలిస్తే చేయి తెలియకుండానే ఒకదాని మీద తొందరపడుతుంది. ఇలా వారం వారం మళ్లీ కొత్త గోమార్లు వదిలి, ఎన్నో వారానికి మందు పట్టు సడలుతుందో చూస్తారు. పెట్టె మీద "నెల" అని వేసేది దాన్నిబట్టే.

లెక్క చాలా సులువు. మందు లేని జట్టులో సగటున 40 బతికి ఉంటే, మందు వేసిన జట్టులో 3 ఉంటే, 40లోంచి 3 తీసేసి 40తో భాగించి 100తో గుణించండి. 92.5 శాతం. ఇది 1925లో అబ్బాట్ అనే ఆయన పంటపురుగుల మందుల కోసం రాసిన సూత్రం, కుక్కల దాకా వచ్చింది. యూరప్ నియమాల్లో గోమార్లకి 90 శాతం, గెంతే ఫ్లీలకి 95 శాతం దాటాలి.

ఇది గమనించండి: 90 శాతం అంటే మందు లేని జట్టులో నలభై బతికిన చోట, మందు వేసిన జట్టులో మూడు బతికినా పాసే. నూటికి నూరు ఎవరూ రాసివ్వలేదు.

మియాపూర్_మల్లిక్
అంటే ఆ బతికిన పది శాతం మొత్తం మా బ్రూనో మీదే ఉన్నాయన్నమాట.

లెక్కల_సుబ్బారావు
నవ్వుకి అన్నారు గానీ అది నిజంగా జరిగేదే. ఆరు కుక్కల్లో ఐదింటికి సున్నా, ఆరో దానికి 30 బతికాయనుకోండి. మామూలు సగటు 5. మందు లేని జట్టు సగటు 40 అయితే మందు పనితనం 87.5 శాతం, ఫెయిల్. అవే అంకెలకి గుణోత్తర సగటు, అంటే కూడే బదులు గుణించి ఆరో మూలం తీసే సగటు, లెక్కిస్తే (సున్నాలుంటే కుదరదు కాబట్టి ఒక్కోదానికి ఒకటి కలిపి, చివర్లో తీసేస్తారు) 0.8 కూడా రాదు, పనితనం 98 శాతం, ఫస్ట్ క్లాస్. మందు అదే, కుక్కలు అవే. ఏ సగటు వాడాలనే గొడవ ఈ రంగంలో చాలా ఏళ్లుగా ఉంది. గోమార్లు, ఫ్లీల దగ్గర ఇప్పుడు మామూలు సగటు వైపే మొగ్గుతున్నారు, నేనూ అటే. గుణోత్తర సగటు ఆ ఆరో కుక్కని మడిచి జేబులో పెట్టేస్తుంది.

కాకినాడ_కిట్టు
ఆరో కుక్క సంఘం పెట్టుకుందాం. అధ్యక్షుడు బ్రూనో.

పశువుల_డాక్టర్
సుబ్బారావు గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. పురుగుల లెక్కలు ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగే ఉంటాయి, ఒక్క కుక్క మొత్తం ఫలితాన్ని లాగేయకూడదనే గుణోత్తరం పెట్టారు. కడుపులో పురుగుల మందులకి అంతర్జాతీయ నియమాల్లో ఇంకా అదే ఉంది. సరే, అది వదిలేయండి. మల్లిక్ గారూ, మూడు ప్రశ్నలు. బ్రూనో బరువెంత? మీరు కొన్న పెట్టె మీద ఎన్ని కిలోల కుక్కకని ఉంది? స్నానం ఎప్పుడెప్పుడు?

మియాపూర్_మల్లిక్
స్నానం ప్రతి ఆదివారం. మందు కూడా ఆదివారమే, స్నానం అయ్యాక తుడిచేసి. పెట్టె మీద 10 నుంచి 20 కిలోలు. బరువు, ఆరు నెలలప్పుడు టీకాకి వెళ్తే 19 ఉన్నాడు.

అనంతపురం_అక్క
ఇప్పుడు వాడి వయసెంత తమ్ముడూ?

మియాపూర్_మల్లిక్
రెండేళ్లు. చెప్పకండి, అర్థమైంది. ఇప్పుడే నేను వాణ్ని ఎత్తుకుని మెషిన్ ఎక్కి, తర్వాత ఒక్కణ్నే ఎక్కి తీసేశాను. 31.

కాకినాడ_కిట్టు
కంపెనీ నిర్దోషి. కేసు కొట్టివేత.

పశువుల_డాక్టర్
సగం మోతాదు పడింది. పైగా షాంపూ స్నానం చేసిన వెంటనే పోస్తే చర్మం మీద నూనె ఉండదు. ఈ మందు ఆ నూనెలో కలిసే ఒళ్లంతా పాకుతుంది. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. బొచ్చు మీద కాదు, విడదీసి చర్మం మీద పోయాలి. ల్యాబు పరీక్షలో ఇవన్నీ సరిగ్గా చేస్తారు, ఇంట్లో చేయం. పెట్టె మీది అంకెకీ మన సోఫాకీ మధ్య తేడా చాలా వరకు అక్కడే ఉంటుంది.

వాల్తేరు_పిల్లిపిన్ని
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా పిల్లికి ఫ్లీలు పట్టాయి. పక్కింటివాళ్ల దగ్గర కుక్కకి వేసే మందు మిగిలింది. సగం పోస్తే సరిపోతుందా?

పశువుల_డాక్టర్
పోయకండి. ముందు దాని మీద పెర్మెత్రిన్ అని ఉందేమో చూసి చెప్పండి.

గన్నవరం_జూనియర్
పిన్నీ ఆగండి!! పెర్మెత్రిన్ కుక్కకి పర్లేదు, పిల్లికి విషం. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపలేదు. వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు. సగం, పావు అనే లెక్కే లేదు. ఇంట్లో కుక్కకి అది పోసినా పిల్లి పోయి దాని మీద పడుకోకుండా చూడాలి.

వాల్తేరు_పిల్లిపిన్ని
చూశాను. పెర్మెత్రినే. చేతులు వణుకుతున్నాయి నాకు. మూత కూడా తీసి పెట్టుకున్నాను.

అనంతపురం_అక్క
అమ్మయ్య. మూత బిగించి ఇచ్చేయండి వాళ్లకి.

గన్నవరం_జూనియర్
అవి నిజంగా ఫ్లీలేనా అన్నది కూడా చూడండి. పిల్లిని తెల్ల కాగితం మీద నిలబెట్టి సన్నపళ్ల దువ్వెనతో నడుము దగ్గర దువ్వండి. మిరియాల పొడిలా నల్ల నలుసులు రాలతాయి. తడి దూది మీద వేసి ఒక నిమిషం ఆగండి. చుట్టూ ఇటుకరంగు మరక వస్తే అది ఫ్లీ విసర్జించిన రక్తం. రాకపోతే మట్టి. పిల్లికని రాసి ఉన్న మందు వేశాక కూడా వారానికోసారి ఇదే చేసి రాసుకోండి. మొదటి రెండు మూడు వారాలు కొత్తవి కనిపిస్తూనే ఉంటాయి, టెన్షన్ పడకండి. తివాచీలో, మంచం కింద గూళ్లలో ఉన్న పిల్ల ఫ్లీలకి ఏ మందూ తగలదు, అవి పెద్దవై బయటికి వస్తూ ఉంటాయి. మందు ఫెయిలైందని అప్పుడే మానేస్తారు చాలామంది.

కరీంనగర్_భాయ్
గోమార్లు, ఫ్లీలు సరే, కడుపుల ఉండే నట్టల సంగతేంది? మా కుక్కపిల్లకి నట్టల మందు తాగిస్తే ఒక్క పురుగు కూడా పడలే. ఉత్త నీళ్లు పోసిండ్రా అని డౌటు. మా మామ గొర్లకి తాగిస్తే కుప్పలు పడతయి.

గన్నవరం_జూనియర్
భాయ్, పురుగు పడితేనే మందు పనిచేసినట్టు కాదు. కొన్ని మందులకి పురుగులు పేగులోనే చితికి అరిగిపోతాయి, బయటికి రూపంతో రావు. బద్దెపురుగు మందు ప్రాజిక్వాంటెల్ అలాంటిదే. అసలు కడుపులో పురుగులే లేకపోయినా పడవు. మందుకి ముందు మలం పరీక్ష చేయించారా?

కరీంనగర్_భాయ్
లేదు. అందరం అంతే కదా.

గన్నవరం_జూనియర్
అదే సమస్య. ముందు ఎన్ని గుడ్లున్నాయో తెలియకుండా తర్వాత తగ్గాయని ఎలా చెప్తారు? చింతగింజంత తాజా మలం మూతున్న డబ్బాలో వేసి, ఆ రోజే పశువైద్యశాలకి ఇవ్వండి. మన ఎండకి ఒక్క రోజు బయట ఉంటే కొంకిపురుగు గుడ్లు పగిలి పిల్లలైపోతాయి, లెక్క తప్పుతుంది. వెళ్లడం ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. వాళ్లు చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే గుడ్లు పైకి తేలతాయి, గాజుపలకకి అతుక్కుంటాయి. గళ్ల పలక ఉంటే గ్రాముకి ఎన్ని గుడ్లో కూడా లెక్కపెట్టొచ్చు. మందు తాగించి పది, పద్నాలుగు రోజుల మధ్య మళ్లీ అదే పరీక్ష. మొదటిసారి 800, రెండోసారి 40 అయితే 95 శాతం తగ్గినట్టు.

కరీంనగర్_భాయ్
ఫ్రిజ్‌లనా? మా అమ్మ నన్ను గూడ ఇంట్లకెళ్లి వెళ్లగొడతది.

పశువుల_డాక్టర్
కుక్కపిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఏలికపాముల పిల్లలు తల్లి కండరాల్లో నిద్రపోతూ ఉండి, గర్భంలోనే పిల్లలకి పాకుతాయి. మనం తాగించే మందు పేగులో ఉన్నవాటినే చంపుతుంది. ఒంట్లో తిరిగేవి కొన్నాళ్లకి పేగులోకి దిగుతాయి. అందుకే రెండు వారాల వయసు నుంచి రెండేసి వారాలకి తాగిస్తాం. నెల తర్వాత మళ్లీ పురుగులు కనిపిస్తే మందు బోగస్ అంటారు జనం. అవి పాతవి కావు, కొత్తగా దిగినవి. బద్దెపురుగైతే ఇంకో కథ. తోక కింద బియ్యపుగింజల్లా కదిలే ముక్కలు కనిపిస్తాయి. మందు పూర్తిగా పనిచేస్తుంది, కానీ కుక్క ఒళ్లు కొరుక్కుంటూ ఒక్క ఫ్లీని మింగితే మూడు వారాల్లో మళ్లీ తయారు. తప్పు ఫ్లీది, మాట పడేది నట్టల మందు.

ఇండీ_రేణుక
ఒకటి అడగాలి. గోమార్లు ఒంటి మీద ఉంటాయి, లెక్కపెడతారు. కడుపులో పురుగుల్ని కంపెనీవాళ్లు ఎలా లెక్కపెడతారు?

పశువుల_డాక్టర్
అడుగుతారని తెలుసు. గుడ్ల లెక్కతో పురుగుల అసలు సంఖ్య కచ్చితంగా తెలియదు. అందుకని కొత్త మందుకి అనుమతి అడిగేటప్పుడు రెండు జట్ల కుక్కల్నీ చివర్లో చంపి, పేగులు విప్పి పురుగుల్ని లెక్కపెట్టే పద్ధతే ప్రామాణికంగా ఉంది. ఎక్కువగా బీగిల్ కుక్కలు. ఆ తర్వాతే మన ఇళ్లలోని కుక్కల మీద, యజమానుల సమ్మతితో, గుడ్ల లెక్కతో చూస్తారు.

ఇండీ_రేణుక
ఆ మాట చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. చింటూ నా కాళ్ల దగ్గరే పడుకున్నాడు. అందుకే నాకు వేప నూనె ఇష్టం.

లెక్కల_సుబ్బారావు
మీ బాధ అర్థమైంది, నేను వాదించను. పరీక్షించని మందు వాడితే ఆ పరీక్ష మన ఇంటి కుక్క మీదే జరుగుతుంది, ఎవరూ లెక్కపెట్టరు. ఈ రెండిట్లో ఏది మేలో నాకూ తెలియడం లేదు.

కాకినాడ_కిట్టు
మా వీధిలో ఒకాయన కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాస్తున్నాడు. అది?

పశువుల_డాక్టర్
వద్దు. నాకితే కర్పూరం విషం. గోమార్లు పోతాయని వెల్లుల్లి తినిపించేవాళ్లు కూడా మానేయండి, రక్తకణాలు విరిగిపోతాయి.

డాలస్_దేవి
నట్టల మందు గురించి నా అనుభవం. ఫ్లోరిడాలో గ్రేహౌండ్ పందేలు 2020 చివరికి ఆగిపోయాయి, ఆ కుక్కల్ని చాలామంది పెంచుకోడానికి తెచ్చుకున్నారు. మేమూ ఒకదాన్ని తెచ్చాం, మౌనిక అని పేరు పెట్టాను. కొంకిపురుగులు. ఫెన్‌బెండజోల్ మూడు రోజులు, పది రోజులకి పరీక్ష, గుడ్ల సంఖ్య కదల్లేదు. పైరాంటెల్, అదీ అంతే. ఇల్లు మురికి, పెరట్లో మళ్లీ అంటుకుంటోందని నన్నే అన్నారు మొదట. ఆ పందెపు కెన్నెళ్లలో ఏళ్ల తరబడి అవే మందులు అదేపనిగా తాగించడంతో పురుగులు మొండికేశాయని, ఒకేసారి మూడు రకాల మందులకి లొంగనివి ఉన్నాయని తర్వాత పరిశోధనల్లో చూశాను. ముందు, తర్వాత లెక్క రాసి ఉన్న కాగితం చేతిలో ఉండబట్టే డాక్టర్ నా మాట నమ్మింది.

కరీంనగర్_భాయ్
అక్కా, గ్రేహౌండ్‌కి మౌనిక అని పేరా!

డాలస్_దేవి
మొరగదు. అందుకు.

మియాపూర్_మల్లిక్
మూడు వారాల తర్వాత వచ్చాను, లెక్కతో. 20 నుంచి 40 కిలోలది కొన్నాను. రెండు రోజులు స్నానం ఆపి పోశాను. రోజూ ఒకే టైముకి, రాత్రి తొమ్మిదికి, పది నిమిషాలు: రెండు చెవులు, మెడ, చంకలు, నాలుగు పాదాలు. మా అమ్మాయి టార్చ్ పట్టుకుంటే నేను ఏరి స్పిరిట్ సీసాలో వేశాను, చేత్తో నలపలేదు. పోసే ముందు 31. రెండో రోజు 5, వాటిలో 4 ఎండిపోయి చచ్చినవి. ఏడో రోజు 2. పద్నాలుగో రోజు 3, కడుపు నిండక చదునుగా గోధుమరంగులో ఉన్నాయి. ఇవాళ ఇరవై ఒకటో రోజు, 6. ఒకటి మాత్రం కడుపు నిండి బూడిదరంగు పెసరగింజలా ఉంది. ఏమంటారు?

పశువుల_డాక్టర్
రాసిన తీరు చూసి ముచ్చటేసింది. చదునుగా ఉన్నవి అప్పుడే ఎక్కినవి, వాటిని మందు లెక్కలోకి తీసుకోను. నిండినది ఒక్కటే నాకు ముఖ్యం. అది రెండు రోజులకి పైగా తాగి కూడా బతికింది. మూడో వారానికి పట్టు సడలిందేమో. ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పను. ఇల్లు వెతికారా? ఈ గోధుమరంగు గోమారి మన గోడల్లోనే గుడ్లు పెట్టి తరాలు గడపగలదు, ఒక్క ఆడది వేలల్లో పెడుతుంది.

మియాపూర్_మల్లిక్
వెతికాను. చెప్పుల స్టాండు వెనక స్కర్టింగ్ పగులులో ఆవాల్లా పాకుతున్నాయి, వంద పైనే. మా ఆవిడ వీడియో తీసి వాళ్ల అమ్మకి పంపింది, నా వల్లేనట.

పశువుల_డాక్టర్
అదీ ముట్టడి. పగుళ్లు మూయించి, పురుగుల మందు కొట్టేవాళ్లని పిలవండి, ఆ రోజు బ్రూనో ఇంట్లో ఉండకూడదు. రెండు మూడు వారాలకి మళ్లీ కొట్టించాలి. అప్పటికీ నిండినవి కనిపిస్తే మింగే మాత్రకి మారదాం, అఫాక్సోలనర్ లాంటివి. దాంతో గోమారి కరిచాకే చస్తుంది, ఒంటి మీద కనిపించిందని గాభరా పడొద్దు. వాడికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? వస్తే ముందే చెప్పాలి, ఆ జాతి మందులతో ఫిట్స్ రావచ్చని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం ఉంటే లెక్కలు పక్కనపెట్టి రక్తపరీక్షకి తీసుకెళ్లండి.

మియాపూర్_మల్లిక్
ఫిట్స్ లేవు. తిండికి లోటే లేదు, మొన్న నా చపాతీలు కూడా తిన్నాడు.

లెక్కల_సుబ్బారావు
ఇరవై ఎనిమిదో రోజు లెక్క మాత్రం మానకండి. అసలు సంగతి అక్కడే ఉంది.

మియాపూర్_మల్లిక్
ఆ రోజు మా మరదలి పెళ్లి సార్, నిజామాబాద్‌లో. రాత్రి తొమ్మిదికి ముహూర్తం.

కాకినాడ_కిట్టు
బ్రూనో వస్తున్నాడా పెళ్లికి?

మియాపూర్_మల్లిక్
వస్తున్నాడు. స్పిరిట్ సీసా కూడా.

లెక్కల_సుబ్బారావు
తలంబ్రాలయ్యాక చూడండి. టైము మారిందని పక్కన రాసుకుంటే చాలు.